వానల్లేని జులైలో ఒకవాంగోకి నీళ్లెక్కడివి?

ప్రశ్న: జులైలో బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాకి వెళ్దామనుకుంటున్నాం. అప్పుడక్కడ వానలుండవట. మరి మొకోరో అనే సన్నటి గెడ పడవలు తిరుగుతాయా? నీటిగుర్రాలతో ప్రమాదం లేదా? మా ఇద్దరికీ చెరో 23 కిలోల సూట్‌కేసు ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిక్షేపంగా తిరుగుతాయి. ఎగువనున్న అంగోలా దేశపు కొండల్లో జనవరి, ఫిబ్రవరుల్లో కురిసిన వాన నదిలో దిగి, డెల్టా చదును నేల మీద నెలల తరబడి నెమ్మదిగా పాకి వస్తుంది. అందుకే వరద జూన్ – ఆగస్టు మధ్య నిండుగా ఉంటుంది. అక్టోబరులో వెళ్తేనే చాలాచోట్ల పడవ ఇసుకకు తగులుతుంది.

నీటిగుర్రాలు పగలు లోతు మడుగుల్లో ఉంటాయి. అందుకే పడవవాడు వెనక నిలబడి, పొడవాటి గెడతో లోతులేని రెల్లు కాలవల్లోంచే పోనిస్తాడు. అతను చుట్టుదారి పట్టాడంటే విసుక్కోకండి, ముందు మడుగుందని అర్థం. మీరు లేచి నిలబడకూడదు, చేతులు బయట పెట్టకూడదు. గెడ నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, ఫోనుకు జిప్ కవరు తప్పనిసరి. రెల్లు కాడల్ని దగ్గరగా చూడండి: బొటనవేలి గోరంత చారల కప్పలు అతుక్కుని ఉంటాయి. సింహాలను చూసే తొందరలో పడి చాలామంది వీటిని వదిలేస్తారు.

సూట్‌కేసులు మాత్రం కుదరవు. డెల్టా అంచునున్న మౌన్ పట్టణం నుంచి క్యాంపులకు వెళ్లే బుల్లి విమానాల్లో సాధారణంగా మనిషికి 20 కిలోలే, అదీ చేతిసంచీ, కెమెరాలతో కలిపి. చక్రాల్లేని మెత్తటి గుడ్డసంచీ అయితేనే ఇరుకు అరలో దూరుతుంది. స్వెట్టరు మరవకండి, తెల్లవారుజామున వణికిస్తుంది. మలేరియా మాత్రల సంగతి డాక్టరును ముందే అడగండి.