వెలుతురు తగిలాక అణువు నుంచి ఎలక్ట్రాన్ వెంటనే బయటికొస్తుందా? ఆ ఆలస్యాన్ని ఎలా కొలుస్తారు?

కావలిలో బీఎస్సీ చదివే మా చెల్లెలి ప్రశ్న ఇది. వెంటనే రాదు. కానీ ఆ ఆలస్యం అటోసెకన్లలో ఉంటుంది. సెకనును వంద కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద కోట్ల భాగాలు చేస్తే ఒక అటోసెకను. దీన్ని ఏ స్టాప్‌వాచ్‌తోనూ పట్టుకోలేం.

నెల్లూరు నుంచి రెండు బస్సులు ఒకేసారి బయల్దేరాయి, ఒకదానికి ఊరు దాటేలోపే ట్రాఫిక్ తగిలింది అనుకోండి. ఆ తర్వాత రెండూ ఒకే వేగంతో నడిచినా ఒంగోలులో తేడా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్‌కు ఆ ట్రాఫిక్ అణువులోని విద్యుదాకర్షణే.

తేడా చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ లేజర్ తరంగాన్నే గడియారంగా వాడతారు. అటోసెకన్ల అతినీలలోహిత పల్సులు ఎలక్ట్రాన్‌ను బయటికి తోస్తాయి, లేజర్ దాని శక్తిని కొంచెం మారుస్తుంది. రెండు కిరణాల మధ్య వ్యవధిని మెల్లగా జరుపుతూ పోతే కొన్ని శక్తుల దగ్గర కనిపించే ఎలక్ట్రాన్ల సంఖ్య అలలా పెరిగి తగ్గుతుంది. రెండు వేర్వేరు కక్ష్యల నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ల అలలు ఒకదానితో పోలిస్తే ఒకటి ఎంత పక్కకు జరిగాయో చూసి ఆలస్యం లెక్కిస్తారు. అంటే దొరికేది ఎక్కువగా తేడా మాత్రమే, ‘బయటికి రావడానికి పట్టిన మొత్తం సమయం’ అని చదివితే నమ్మకండి.

2010లో నియాన్ పరమాణువులో ఈ తేడా సుమారు 21 అటోసెకన్లు వచ్చింది. అణువుల్లో కథ ఇంకా రంజుగా ఉంటుంది: నైట్రస్ ఆక్సైడ్‌లో కొన్ని శక్తుల దగ్గర ఎలక్ట్రాన్ లోపలే కాసేపు చిక్కుకుంటుంది, తేడా 160 దాకా పోతుంది. నీటి అణువులో 50 లోపే. అటోసెకను పల్సుల పద్ధతులకే 2023లో అగోస్తీనీ, క్రౌజ్, లూయియేలకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.