సచివాలయం వీధిలోనే, సంతకం మాత్రం ఎక్కడో

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో ఓ చిన్న టౌన్, పేరు వెయ్యకండి, మళ్లీ వాళ్లతోనే పని కదా. మావయ్యగారు పోయారు, ఇంటి పన్ను ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది. మా ఆయన పేరుకి మార్పిద్దామని వార్డు సచివాలయానికి వెళ్తే మున్సిపల్ ఆఫీసుకి వెళ్లమంటారు, అక్కడికెళ్తే ముందు సచివాలయంలో పెట్టమంటారు. ఇంటి ముందు కాలవ గోల సరేసరి. ఇంత దగ్గర్లో ఆఫీసు ఉండి ఏటి లాభమండీ?
- ఓ గృహిణి

జవాబు: మీ కోపం న్యాయమే అమ్మా, కాకపోతే ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. 2019 అక్టోబర్ 2న ఈ సచివాలయాలు మొదలుపెట్టినప్పుడు టౌన్లలో సుమారు 4 వేల జనాభాకి ఒకటి అనుకున్నారు. దగ్గరికొచ్చింది అప్లికేషన్ తీసుకునే కౌంటరు, ఇలాంటి వాటికి ఆర్డరు మీద సంతకం ఇప్పటికీ మున్సిపాలిటీదే. కులం, ఆదాయం సర్టిఫికెట్లూ అంతే, కాగితం ఇక్కడ ఇస్తాం, అది తహసీల్దార్ దగ్గరికి పోతుంది. పింఛను మాత్రం నిజంగానే గుమ్మంలోకొచ్చింది, 2024 జులై నుంచి సచివాలయం ఉద్యోగులే ఇంటికొచ్చి ఇస్తున్నారు, అందుకే దాని మీద ఇన్ని తిట్లు లేవు.

ఇక మీ పని. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి దస్తావేజు, బాకీ లేకుండా కట్టిన పన్ను రసీదు, వీలునామా ఉంటే అదీ పట్టుకెళ్లండి. మీ ఆయనకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉంటే వాళ్ల ఒప్పుకోలు కూడా రాయించుకోండి, ఇలాంటి ఫైళ్లు ఎక్కువగా ఆగేది అక్కడే, ఆఫీసులో కాదు. ఇంకోటి, పన్ను పుస్తకంలో పేరు మారినంత మాత్రాన ఇల్లు మీ ఆయన ఒక్కరిదే అయిపోదు, హక్కు హక్కే, పన్ను పన్నే. సచివాలయంలో ఇచ్చాక అప్లికేషన్ నంబరు ఉన్న స్లిప్పు తీసుకోకుండా కుర్చీలోంచి లేవకండి. నోటిమాటగా "చూస్తామమ్మా" అన్నది ఏ కంప్యూటర్లోనూ ఎక్కదు, రేపు మీరు అడగడానికీ ఏమీ ఉండదు. ఆ నంబరుతో కదలకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చెయ్యండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి.

పన్ను కట్టడానికైతే ఎక్కడికీ తిరగక్కర్లేదు, 2025 జనవరిలో వచ్చిన ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్రలో (95523 00009) కట్టెయ్యొచ్చు. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గుతుంది, చాలామంది వదిలేసుకుంటారు.

కాలవ సంగతి: పూడిక తియ్యాలంటే సచివాలయంలో శానిటేషన్ (పారిశుద్ధ్యం) సెక్రటరీని అడగాలి, గట్టు విరిగిపోయిందంటే ఎమినిటీస్ (సదుపాయాల) సెక్రటరీని. ఒకళ్లని అడగాల్సింది ఇంకొకళ్లని అడిగితే అక్కడే వారం పోతుంది. ఫోటో తీసి ఇవ్వండి, వానలు పడకముందే.