ప్రకటన వేశాం, ప్రొఫెసర్ రాలేదు

ప్రశ్న: మా ఎంబీఏ కాలేజీలో ఇంటర్నేషనల్ బిజినెస్, స్ట్రాటజీ చెప్పడానికి అసోసియేట్ ప్రొఫెసర్ కావాలని రెండుసార్లు ప్రకటన ఇచ్చాం. దరఖాస్తులు కుప్పలుగా వచ్చాయి, కానీ అన్నీ నిన్నగాక మొన్న పీహెచ్‌డీ అయినవాళ్లవో, రిటైరైనవాళ్లవో. నలభై, నలభై అయిదేళ్ల మధ్య ఉండి కాస్త పేరున్నవాళ్లు ఒక్కరూ రావడం లేదు. జీతం బాగానే ఇస్తామంటున్నాం. పైగా విశాఖ! ఎందుకు రారు?
- సెలక్షన్ కమిటీ సభ్యుడు, మధురవాడ

జవాబు: మీరు పంపిన ప్రకటన కటింగ్ చూశానండీ. స్ట్రాటజీ, ఇంటర్నేషనల్ బిజినెస్ చెప్పాలి, అవసరమైతే మార్కెటింగ్ కూడా తీసుకోవాలి, ప్లేస్‌మెంట్ సెల్‌కు సహకరించాలి, అడ్మిషన్ల సమయంలో అందుబాటులో ఉండాలి అని ఉంది. ఇదే రంగంలో ఏళ్ల తరబడి ఉన్న మనిషికి ఆ చివరి ముక్క చదవగానే విషయం అర్థమైపోతుంది. ఎండాకాలం కరపత్రాలు పట్టుకుని డిగ్రీ కాలేజీల చుట్టూ తిరగాలన్నమాట. ఇంక బీచ్ చూపించి ఏం లాభం?

కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలంటే, మీకు ఎవరు కావాలో మీరే తేల్చుకోలేదు. బాగా పాఠం చెప్పేవాళ్లు కావాలా, పేపర్లు రాసేవాళ్లు కావాలా? రెండూ చేసేవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్ల కోసం గంభీరంలో ఐఐఎం ఉంది, పక్కనే పెద్ద యూనివర్సిటీలున్నాయి. స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ జర్నల్ స్థాయి పత్రికలో ఒక్క పేపర్ పడాలంటే రివ్యూలు, తిరగరాతలతోనే ఏళ్లు గడిచిపోతాయి. అలాంటి మనిషికి వారానికి ఇరవై గంటల క్లాసులు వేసి ఏడాదికి రెండు పేపర్లు కావాలంటే, వాళ్లు రారు, వచ్చినా ఉండరు. యూనివర్సిటీల వ్యవహారాలు చూసే యూజీసీ 2018 నిబంధనల్లోనే అసోసియేట్ ప్రొఫెసర్‌కు బోధన వారానికి 14 గంటలని ఉంది. మీరు అంతకంటే తగ్గించగలిగితే ఆ అంకెను ప్రకటనలోనే వేయండి. జీతం కంటే ముందు చూసేది అదే.

అర్హతల సంగతి. మేనేజ్‌మెంట్ కాలేజీలకు సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2019 నిబంధనలు వర్తిస్తాయి. పీహెచ్‌డీ, డిగ్రీలోనో పీజీలోనో ఫస్ట్ క్లాస్, గుర్తింపు ఉన్న జర్నళ్లలో 6 పేపర్లు, 8 ఏళ్ల అనుభవం, అందులో పీహెచ్‌డీ తర్వాత కనీసం 2 ఏళ్లు ఉండాలి. ఆ అనుభవం బోధనలోనే ఉండాలని లేదు, పరిశ్రమలో పనిచేసింది కూడా చెల్లుతుంది. ఈ సంగతి చాలా కమిటీలు పట్టించుకోవు. దువ్వాడ సెజ్‌లోనో, అచ్యుతాపురంలోనో, పోర్టు చుట్టుపక్కల ఎగుమతి కంపెనీల్లోనో పదేళ్లు చేసి, మధ్యలో పీహెచ్‌డీ పూర్తిచేసి, పేపర్లు కూడా రాసినవాళ్లు దొరికితే వదలకండి. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినందుకు ఇచ్చే రసీదు) కళ్లతో చూసినవాళ్లు చెప్పే ఇంటర్నేషనల్ బిజినెస్ క్లాసు వేరే లెవెల్లో ఉంటుంది.

ఇంకో మాట, ఈ వయసువాళ్లు ప్రకటన చూసి దరఖాస్తు పెట్టడం తక్కువ. ఉన్నచోట తెలిస్తే ఇబ్బంది కదా! మీరే ఫోన్ చేయాలి, గుట్టుగా మాట్లాడాలి. ఇల్లంతా కదలాలన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. భార్యో భర్తో హైదరాబాద్‌లో ఉద్యోగం, పిల్ల టెన్త్, పిల్లాడు ఇంటర్ సెకండియర్ అయితే నవంబర్‌లో చేరమంటే ఎవరు చేరతారు? జూన్ దాకా ఆగుతామని ముందే చెప్పండి. వాళ్లాయనకో ఆవిడకో ఊళ్లో ఉద్యోగం వెతకడంలో సాయం చేస్తామనండి, ఇప్పిస్తామని మాత్రం అనకండి.

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు, స్ట్రాటజీ చెబుతాను. వచ్చే నెల విశాఖలో ఒక బిజినెస్ స్కూల్ ఇంటర్వ్యూ. ముందు గంటసేపు సెమినార్ ఇవ్వాలట. క్లాసులంటే భయం లేదు కానీ ఇది టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పాలి?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పీహెచ్‌డీ థీసిస్ మాత్రం వద్దమ్మా! అది పదేళ్ల నాటి పని, ఇప్పుడు చేస్తున్నది చెప్పు. మొదటి అయిదు నిమిషాల్లో చిక్కుముడి ఏమిటో చెప్పకపోతే వెనక వరసలో ఫోన్లు బయటికొస్తాయి. ఉదాహరణకి, కంపెనీలు ముందు తమకు దగ్గరగా అనిపించే దేశాలకు వెళ్లి, అక్కడ నేర్చుకుని, మెల్లగా దూరం పోతాయని 1977లో జొహాన్సన్, వాల్నే చెప్పారు, ఉప్సలా మోడల్ అంటారు. మరి మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ సముద్రాల అవతలి అమెరికా అయి కూర్చుందెందుకు? 2025 ఆగస్టులో మన సరుకు మీద అక్కడి అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, కొత్త మార్కెట్ వెతుక్కోవడం ఎవరికి సులువు, ఎవరికి కష్టం? ఇలాంటి ప్రశ్నతో మొదలుపెడితే విశాఖలో ఏ కమిటీ అయినా నిటారుగా కూర్చుంటుంది. అంతా రొయ్యల మీదే మాట్లాడమని కాదు, నీ పనిలో నీ చిక్కుముడి నీకుంటుంది.

'అయిదేళ్లలో ఏం చేస్తారు' అని తప్పకుండా అడుగుతారు. ఏ కోర్సు కొత్తగా పెడతావో, ఏ పేపర్లు ఏ దశలో ఉన్నాయో పేర్లతో సహా చెప్పు. వాళ్ల వంతు అయ్యాక నువ్వూ అడగాలి, ఎన్ని సెక్షన్లు, ప్రొఫెసర్ ప్రమోషన్‌కు ఎప్పుడు అర్హత వస్తుంది, సెమినార్లకు వెళ్లడానికి డబ్బిస్తారా అని. మొహమాటపడితే ఆ తర్వాత అడిగే అవకాశం రాదు.

ప్రశ్న: చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటున్నారు. ఇవ్వొచ్చా?
- పేరు వద్దన్న పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. చూపించండి, సంతకం పెట్టిన జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ అదే రోజు ఇంటికి తెచ్చుకోండి. కుదరదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. నాకు తెలిసినంతలో ఎవరూ రాసివ్వరు.