పాత జీపు హెడ్‌లైట్లు: బల్బు కన్నా ముందు వైరింగు

ప్రశ్న: మాది 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540. రాత్రిపూట ఘాట్ దిగుతుంటే డిమ్ములో దగ్గరి మలుపు కూడా కనిపించడం లేదు. కొత్త బల్బులు వేసినా అదే పసుపు వెలుగు. 100/90 వాట్ల (అప్పర్‌కి, అంటే దూరపు వెలుగుకి 100, డిమ్ముకి 90) బల్బులు వేయమని షాపువాళ్లు, ఎల్‌ఈడీ బల్బులు పెట్టించమని మెకానిక్ అంటున్నారు. ఏది మేలు? – ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: రెండూ వద్దండి. మీ బల్బుకి చేరాల్సిన కరెంటు చేరుతోందో లేదో ముందు చూడండి. ఇంజన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ కొలవండి. తర్వాత బల్బు వెనక, హోల్డర్ తగిలించి ఉండగానే, ప్లస్‌కీ ఎర్త్‌కీ (బాడీకి కలిపే మైనస్ వైరు) మధ్య కొలవండి. తేడా అర వోల్టు దాటితే లోపం వైరింగులో ఉన్నట్టే. హాలోజన్ బల్బుకి వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. పసుపు రంగు అందుకే వస్తోంది.

ఇన్నేళ్ల జీపులో ఆ వోల్టేజీని తినేసేవి చాలానే ఉంటాయి. డాష్‌బోర్డు స్విచ్, డిమ్ము–అప్పర్ మార్చే డిప్పర్ స్విచ్ (కాలి దగ్గర ఉంటే దానిలోకి బురద కూడా చేరుతుంది), సన్నటి పాత వైరు, తుప్పు పట్టిన ఎర్త్. ఎర్త్‌ని విడిగా పరీక్షించండి: మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది బల్బు ఎర్త్ పిన్నుకి పెట్టి లైటు వేయండి. 0.2 వోల్టు దాటితే బాడీ మీద పెయింటు గీకి, కొత్త లగ్‌తో (వైరు కొసకి తొడిగే లోహపు ముక్క) బోల్టు బిగించండి. ఒక్కోసారి ఈ ఒక్క పనితోనే లైటు తెల్లబడుతుంది.

ప్లస్ వైపు తేడాకి మందు రిలేలు, అంటే లోపలి కాయిల్‌కి కొద్దిపాటి కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు. డిమ్ముకొకటి, అప్పర్‌కొకటి, 12 వోల్టులు 30 ఆంపియర్లవి తీసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, ఒక్కో రిలేకి 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజులు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. అవతల ఎక్కడో పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు కాపాడేదేమీ ఉండదు. ఫ్యూజు నుంచి వచ్చే వైరు రిలే 30వ పిన్నుకి, 87 నుంచి రెండు బల్బులకీ 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైర్లు. పాత హోల్డర్‌కి వచ్చే డిమ్ము వైరు ఒక రిలే 86కి, అప్పర్ వైరు రెండో రిలే 86కి; రెండు 85లూ ఎర్త్‌కి. ఒక వైపు హెడ్‌లైట్ వైర్లు చాలు, రెండోవైపువి టేపు చుట్టి వదిలేయండి. ఇక పాత స్విచ్‌ల మీద రిలే కాయిల్‌కి కావలసిన కొద్దిపాటి కరెంటే పోతుంది. రిలేలని పిన్నులు కిందికి ఉండేలా బిగించండి, వాననీరు నిలవదు. వైర్లు మెలితిప్పి టేపు చుట్టే పద్ధతి మాత్రం ఒప్పుకోకండి. క్రింపింగ్ చేసిన (పట్టకారుతో నొక్కి బిగించిన) లగ్గులే వాడాలి.

ఇక డూమ్ (ముందు అద్దం, వెనక రిఫ్లెక్టర్ కలిసి ఉండే హెడ్‌లైట్ గిన్నె) సంగతి. లోపలి రిఫ్లెక్టర్ మసకబారితే ఎంత మంచి బల్బయినా దండగ. పాలిష్ చేయబోతే అద్దం లాంటి పూత ఊడిపోతుంది, కాబట్టి డూమ్ మార్చాల్సిందే. పాత డూమ్ పీ45టీ అనే పాత రకం అడుగున్న బల్బుదైతే దానిలో హెచ్4 రకం హాలోజన్ బల్బు కూర్చోదు. చెవులు వంచి దూర్చితే ఫిలమెంటు తన చోటు తప్పి ఫోకస్ చెదురుతుంది. ఏడు అంగుళాల హెచ్4 డూములు జతగా కొని 60/55 వాట్ల బల్బులే వేయండి. అద్దం మీద ‘ఈ’ (E) ఆమోద ముద్రతో పాటు, ఎదురుగా నిలబడి చూస్తే మన కుడివైపు చూపే బాణం గుర్తు ఉండాలి. అది ఎడమవైపు నడిచే దేశాలకు చేసిన డూమ్. అమెరికా మార్కెట్‌వి పెడితే వెలుగు కుడికి లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

విప్పేటప్పుడు రింగు స్క్రూలు మాత్రమే విప్పండి. పైన ఒకటి, పక్కన ఒకటి ఉండేవి ఫోకస్ స్క్రూలు, వాటిని కదపకండి. తుప్పు పట్టినవాటికి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. బల్బు గాజుని వేళ్లతో ముట్టకూడదు. జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి త్వరగా పోతుంది.

100/90 బల్బు వేడికి హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది. హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు అడ్డదిడ్డంగా చెదిరి, దగ్గర మాత్రం తెల్లగా మెరుస్తూ దూరం చీకటిగా మిగులుతుంది. మీ ఘాట్ మంచులో అది మరీ ఇబ్బంది.

చివరగా ఫోకస్. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిచూసి, గోడకి 5 మీటర్ల దూరంలో బండి నిలిపి, డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టండి. గోడ మీద లైటు మధ్యభాగం ఎత్తు గుర్తు పెట్టి, డిమ్ములో వెలుగు పై అంచు దానికి 5 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా, ఇప్పుడు మాత్రం ఫోకస్ స్క్రూలు తిప్పండి. హెచ్4లో డిమ్ము కుదిరితే అప్పర్ దానంతటదే కుదురుతుంది.

ప్రశ్న: నా పాత మారుతి జిప్సీకి ఏడు అంగుళాల పూర్తి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు తెచ్చాను. తగిలిస్తే డిమ్ము వెలగడం లేదు. సరుకే చెడ్డదా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చెడ్డదని అప్పుడే అనుకోకండి. జపాన్ మూలాలున్న బండ్లలో డిమ్ముకీ అప్పర్‌కీ ఉమ్మడిగా ఉండే వైరుకి ప్లస్ ఉండి, స్విచ్ ఎర్త్ వైపు పనిచేసే వైరింగు ఉండొచ్చు. హాలోజన్ ఫిలమెంటుకి ప్లస్, మైనస్ తేడా లేదు కానీ ఎల్‌ఈడీకి ఉంటుంది. టెస్ట్ ల్యాంప్‌తో మూడు పిన్నులూ చూడండి. లైటు డిమ్ములో ఉన్నా అప్పర్‌లో ఉన్నా ఒకే పిన్ను ప్లస్ చూపిస్తే మీది ఆ రకమే. అలాంటప్పుడు రిలేల కాయిల్ ఒక కొసకి ఆ ఉమ్మడి ప్లస్, రెండో కొసకి స్విచ్ వైరు ఇచ్చి, 87 నుంచి లైటుకి ప్లస్ పంపండి; లైటు ఎర్త్ నేరుగా బాడీకి. వెనక హీట్ సింక్ (వేడి బయటికి పంపే లోహపు భాగం) పొడుగ్గా ఉంటే లోపలి గిన్నెకి తగులుతుంది, బిగించే ముందు చూసుకోండి.

ప్రశ్న: పైకప్పు మీద లైట్ బార్ పెట్టుకోవచ్చా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 111వ నియమం ప్రకారం రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా ముందువైపు స్పాట్ లైటు బిగించకూడదు. అనుమతి వచ్చినా పైకప్పు మీద వద్దమ్మా: బానెట్ మీద పడి తిరిగి కళ్లలోకి కొడుతుంది, దుమ్ములో ఎదుట తెల్లటి తెర కడుతుంది. బంపరు ఎత్తులో, విడి రిలే, విడి ఫ్యూజుతో బిగించి, రోడ్డు మీద మూత వేసి నడపండి.