రెండు రూపాయల మిత్తికి తెచ్చి కొనే సీటా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైసు మిల్లుల విడిభాగాల దుకాణం. ఏడాదికి 5 లక్షల దాకా మిగులుతాయి, ఇంటి ఖర్చు నెలకు 35 వేలు. బైపీసీ పూర్తయిన మా అమ్మాయి ఫోరెన్సిక్ సైకాలజీ (నేర దర్యాప్తుకు పనికొచ్చే మనస్తత్వ శాస్త్రం) చదువుతానంటోంది. వేరే రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సుకు 12 లక్షలు. 25 వేలు అడ్వాన్సు కట్టాం. 2.5 లక్షల ఎఫ్‌డీ తీసి, నూటికి రెండు రూపాయల మిత్తికి 6 లక్షలు తెద్దామనుకుంటున్నాం.

జవాబు: తేవొద్దు. 6 లక్షలకు నెలకు 12,000 మిత్తి. ఐదేళ్లలో 7,20,000 కట్టాక కూడా అసలు అలాగే ఉంటుంది. పిల్లల చదువు అనగానే ఈ లెక్క వేయడం మానేస్తున్నారు చాలామంది.

పైగా డిగ్రీ పేరులోనే 'ఫోరెన్సిక్' ఉండాల్సిన పని లేదు. తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ ద్వారా హైదరాబాద్‌లో సైకాలజీ ఉన్న డిగ్రీలో చేరొచ్చు. తర్వాత గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైకాలజీకి పోటీ పడొచ్చు. క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావాలంటే మాత్రం ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సే చదవాలి. ఆ గుర్తింపు ఉందో లేదో కాలేజీ బ్రోచర్‌లో కాదు, ఆర్‌సీఐ జాబితాలోనే చూడండి. ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైకాలజీ పోస్టులు కొద్దివే, అవీ నోటిఫికేషన్ పడితేనే. మిత్తి అప్పటిదాకా ఆగదు కదా.

ఇక ఆ ఎఫ్‌డీ. దాన్ని ఫీజుకు వాడకండి. 35 వేల చొప్పున ఆరు నెలల ఖర్చుకే 2,10,000 కావాలి. మీ గిరాకీ వానాకాలం, యాసంగి వడ్ల మీదే నడుస్తుంది. ఒక్క పంట తప్పి మిల్లులు ఆగితే కౌంటరు ఖాళీ. అప్పుడు చేతిలో రొక్కం లేకపోతే మళ్లీ ఆ రెండు రూపాయల మిత్తి గడపే తొక్కుతారు. లక్ష పొదుపు ఖాతాలో, మిగతాది రెండు మూడు చిన్న ఎఫ్‌డీలుగా ఉంచండి. అవసరం పడితే ఒకటి తీస్తే చాలు, అన్నీ విరగ్గొట్టే పని ఉండదు. మీ పేరిట టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఉన్నట్టు రాయలేదు. లేకపోతే 60 లక్షలకు ఈ నెలలోనే తీసుకోండి.

పీజీకి డబ్బు తక్కువైతే బ్యాంకు విద్యారుణం ఉంది. 7.5 లక్షల వరకు సాధారణంగా తాకట్టు అడగరు. చదివే రోజుల్లో మిత్తి మాత్రం కట్టుకుంటూ పోండి. బంగారం కుదువ పెట్టడం చివరి మాట.

అడ్వాన్సు సంగతి తొందరగా తేల్చుకోండి. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు సీటు వదులుకుంటే కొద్దిపాటి కోతతో ఫీజు వెనక్కి వస్తుంది. ఆలస్యమైన కొద్దీ కోత పెరుగుతుంది, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే అవీ వాపసు అడగండి.