గెట్‌చార్ లూప్ ఆగడం లేదా? కంట్రోల్-డి ఎక్కడ నొక్కారో చూడండి

కొట్టిన అక్షరాలను గెట్‌చార్‌తో (ఒక్కో అక్షరాన్ని చదివే సి ఫంక్షన్) లెక్కపెట్టే మీ ప్రోగ్రామ్‌లో, కంట్రోల్-డి నొక్కినా లూప్ ఆగడం లేదని అడిగారు. మీ లూప్ షరతు సరిగ్గానే ఉంది. మీరు రాసినదాన్ని బట్టి, ‘హలో’ను ఇంగ్లిషులో కొట్టి, ఎంటర్ నొక్కకుండానే కంట్రోల్-డి నొక్కారు. అక్షరాల లెక్క తేలకపోవడానికి కారణం అదే.

లినక్స్‌లో కంట్రోల్-డి ప్రోగ్రామ్‌కు చేరే అక్షరం కాదు. ‘ఈ వరుసలో ఇప్పటిదాకా కొట్టినది పంపించు’ అని టెర్మినల్‌కు (మీరు టైప్ చేసే ఆ విండోకు) చెప్పడం, అంతే. వరుసలో 5 అక్షరాలుంటే ఆ 5 వెళ్తాయి, లూప్ మళ్లీ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. వరుస ఖాళీగా ఉంటే వెళ్లేది సున్నా బైట్లు. గెట్‌చార్ ఈఓఎఫ్ (ఇన్‌పుట్ అయిపోయిందనే గుర్తు, లూప్ ఆగేది దీంతోనే) ఇచ్చేది అప్పుడే. చాలామంది తడబడేది ఇక్కడే.

1. ఎంటర్ నొక్కి, కొత్త వరుస మొదట్లో కంట్రోల్-డి ఒకసారి నొక్కండి.
2. వరుస మధ్యలో ఉంటే వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి.
3. విండోస్‌లో అయితే కొత్త వరుస మొదట్లో కంట్రోల్-జెడ్, ఆ తర్వాత ఎంటర్.
4. కంట్రోల్-సి జోలికి వెళ్లకండి. అది ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది, లూప్ తర్వాత లెక్కను తెరపై చూపే ప్రింట్‌ఎఫ్ దాకా రానే రాదు.

అన్నట్టు, గెట్‌చార్ ఫలితాన్ని చార్‌లో (ఒక అక్షరం పట్టే రకం) దాస్తున్నారు. దాన్ని ఇంట్‌గా (పూర్ణ సంఖ్యల రకం) మార్చండి. ఈఓఎఫ్ ఋణ సంఖ్య. మీ కంప్యూటర్‌లో ఎలాగో నెట్టుకొచ్చినా, ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్‌లోని లినక్స్‌లో చార్ మామూలుగా ఋణ విలువను పట్టుకోదు, అక్కడ లూప్ ఎప్పటికీ ముగియదు.

ఎంటర్ నొక్కాక లెక్క 5 బదులు 6 వస్తే కంగారుపడకండి, ఎంటర్ కూడా ఒక అక్షరమే.