ప్యానెల్ గది తలుపు ఎటు తెరుచుకోవాలి?

ప్రశ్న: సార్, నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌ని. మాది 630 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. ప్యానెల్ (మిల్లంతటికీ కరెంటు పంచే పెద్ద స్విచ్‌బోర్డు) గదికి ఒకటే తలుపు, అదీ లోపలికి తెరుచుకుంటుంది. ప్యానెల్ వెనక కాలిపోయిన మోటార్లు, గోనె సంచులు పడేశారు. తలుపు మార్పించమంటే మా ఓనరు "ఇన్నేళ్లుగా ఏం కాలేదు కదా, సీజన్ అయిపోనీ" అంటున్నారు. నేను అడిగేది అనవసరమా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: అనవసరం కాదు. సీజన్ అయ్యేదాకా ఆగే పనీ కాదు. మిషన్లు రేయింబవళ్లు తిరిగేది, మీరు ఆ గదిలోకి మాటిమాటికీ వెళ్లేది సీజన్‌లోనే.

630 కేవీఏ అంటే 433 వోల్టుల దగ్గర సుమారు 840 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపిడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) 5 శాతం అనుకుంటే, ప్యానెల్లో షార్ట్ అయినప్పుడు దానికి 20 రెట్ల దాకా కరెంటు పారుతుంది. స్పానర్ జారి రెండు ఫేజుల మధ్య పడితే చాలు. రాగి ఆవిరైపోతుంది, గదిలో గాలి ఒక్కసారిగా వేడెక్కి ఉబ్బుతుంది. లోపలికి తెరుచుకునే తలుపును ఆ ఒత్తిడే ఫ్రేముకు అదిమి పట్టేస్తుంది.

నా సర్వీసులో అనంతపురం వైపు ఒక నూనె మిల్లులో జరిగింది చెబుతాను. ప్యానెల్లో ఫ్లాష్ (షార్ట్ అయి ఒక్కసారిగా లేచే మంట) వచ్చినప్పుడు లోపలున్న కుర్రాడు తలుపు దాకా రాగలిగాడు. అరచేతుల తోలు ఊడిపోయింది, గుండ్రటి నాబ్ పట్టుకుని తిప్పలేకపోయాడు. భుజంతో నెడదామంటే తలుపు లోపలికి లాగాల్సింది. బయటివాళ్లు వచ్చి తోసేదాకా ఆ పొగలోనే నిలబడ్డాడు. బతికాడు. కానీ ఆ తలుపు బయటికి తెరుచుకునేదైతే అతని ఊపిరితిత్తులకు అంత దెబ్బ తగిలేది కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో దీనికోసమే ఒక నియమం ఉంది. 800 ఆంపియర్లు, ఆపైన ఉన్న ప్యానెల్ ముందు మనిషి నిలబడి పనిచేసే చోటికి 25 అడుగుల లోపు తలుపుంటే, అది బయటికే తెరుచుకోవాలి. చేత్తో తిప్పే పని లేకుండా ఒంటితో నెడితే తెరుచుకునే పానిక్ బార్ ఉండాలి. ఆ కోడ్ మనకు వర్తించదు గానీ, కాలిన చేయి ఎక్కడైనా కాలిన చేయే. మన దగ్గర 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే ప్యానెల్ ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలని ఉంది. వెనక ఓపెన్ కనెక్షన్లు (పైన తొడుగు లేనివి) ఉంటే ఆ వెనక సందు 20 సెంటీమీటర్ల లోపైనా ఉండాలి, 75కు పైనైనా ఉండాలి. 75 దాటితే రెండు కొసల నుంచీ 1.8 మీటర్ల ఎత్తు వరకు దారి ఖాళీగా ఉండాలి. మీ గోనె సంచులున్నది ఆ దారిలోనే. దూది రేణువులు ఎగిరే మిల్లులో గోనె సంచులు! ముందు వాటిని ఈరోజే బయట పడేయించండి, దానికి పైసా ఖర్చు లేదు.

తలుపు మార్చేటప్పుడు ఒక్క మాట. బందులు తిప్పి బిగిస్తే సరిపోదు, తలుపు ఆనే గాడి ఫ్రేములో లోపలి వైపు ఉంటుంది కాబట్టి ఫ్రేమునూ మార్పించాలి. బయట పరిచిన కడప బండ ఎత్తుగా ఉంటే తలుపు సగంలోనే రాసుకుని ఆగిపోతుంది, అదీ చూసుకోండి. తలుపు తిరిగే మేర నేల మీద పసుపు పెయింటు వేయించి, అక్కడ దూది బేళ్లు పెట్టకుండా చూడండి. మీ ఓనరుకు ఇవన్నీ నోటిమాటగా చెప్పకండి, కాగితం మీద రాసి ఇచ్చి ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. అప్పటికీ కదలకపోతే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌ను కలవండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మీటర్ల గదికి పిల్లలు వెళ్లకుండా తాళం వేస్తున్నాం. తప్పా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: తాళం వేయాల్సిందేనమ్మా. కానీ లోపల మనిషి ఉండగా బయట గడియ పడకూడదు. లోపలికి వెళ్లేవాళ్లు తాళం కప్పను తీసి జేబులో వేసుకుని వెళ్లాలి. వీలైతే లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే లాక్ పెట్టించండి.